కనెక్టయిందట... ఎవరితోనో!

తెనాల్లో మా పిన్నీవాళ్ళింట్లో మొన్న దసరాకి ముందు ఓ పద్నాలుగేళ్ళ కుర్రాడు పదిహేను రోజులపాటు ముద్దాయిగా బతికాడు. నేరం: ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కంప్యూటరునీ పాడు చెయ్యడం. సాక్ష్యం: వాడు కొనుక్కొచ్చిన గేమ్ కంట్రోలరు పనిచెయ్యకపోవడం. తీర్పు చెప్పింది రిపేరు షాపాయన. "యూఎస్‌బీ చిప్పు కొట్టేసిందండీ, మదర్‌బోర్డు మార్చాలి, ఏడున్నర వేలవుద్ది" అన్నాట్ట.

ఏడున్నర వేలంటే మా బాబాయికి చిన్న మొత్తం కాదు. కంట్రోలరు మాత్రం చిన్నోడి సొంత డబ్బు. పండగలకీ పుట్టినరోజులకీ పెద్దవాళ్ళు చేతిలో పెట్టినవి కూడబెట్టి పద్నాలుగొందలకి కొనుక్కున్నాడు. కొన్న ఆనందం ఒక్క పూట. ఆ తర్వాత పదిహేను రోజులూ అన్నం పెట్టిన ప్రతిసారీ అక్షింతలే. "ముట్టుకున్నవన్నీ తగలేస్తాడు వీడు" అని ఇంటికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పారు. అత్త కొట్టినందుక్కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఊరికే పుట్టలేదు. తిట్లకంటే ఆ చెప్పడమే వాణ్ణి ఎక్కువ చిన్నబుచ్చింది.

నేను పండక్కి వెళ్ళగానే పిన్ని, "ఒరే, నువ్వు సాఫ్ట్‌వేరు కదా, కాస్త చూడరా" అంది. సాఫ్ట్‌వేరు వాడంటే ఫ్యాను దగ్గర్నుంచి ఫ్రిజ్జు దాకా అన్నీ బాగుచేస్తాడని మా చుట్టాల నమ్మకం. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తూనే వస్తున్నాను :)

"మౌసు పనిచేస్తోందా?" అన్నాను. "ఆఁ" అన్నాడు చిన్నోడు. "కీబోర్డు?" "ఆఁ." "అవీ యూఎస్‌బీయే కదరా, మరి చిప్పెక్కడ పోయింది?" "షాపాయన చెప్పాడన్నయ్యా..." అన్నాడు నేలచూపులు చూస్తూ. మౌసు పీకి, కంట్రోలరు పెట్టిన కన్నంలో పెట్టాను. తెరమీద బాణం గుర్తు హాయిగా పరిగెత్తింది. కన్నం బతికే ఉంది. ఈ పరీక్షకి పది సెకన్లు పట్టింది. ఏడున్నర వేలు అడిగిన పెద్దమనిషికి ఆ పది సెకన్లు దొరకలేదు.

తర్వాత కేబులు చూశాను. పెట్టెలో వచ్చింది జానెడుంది. సీపీయూ ఏమో బల్లకింద. అందుకని వాడు బస్టాండు దగ్గర ఎనభై రూపాయలకి పొడుగు కేబులు కొన్నాడు. దాన్ని గుచ్చగానే కంట్రోలరుమీద లైటు వెలిగింది. లైటు వెలిగితే కలిసినట్టేగా? కాదు. మామూలు యూఎస్‌బీ కేబుల్లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు సమాచారానికి. చవకగా చేద్దామనుకున్నవాడు ఆ సమాచారం తీగలు రెండూ ఎగ్గొట్టి, కరెంటు తీగలు మాత్రం వేసి అమ్ముతాడు. ఫోను చార్జింగుకి అది చాలు. కంట్రోలరుకి చాలదు. పైకి చూస్తే రెండు కేబుళ్ళూ కవలపిల్లల్లా ఉంటాయి. నా ఫోను కేబులు తీసి పెట్టగానే కంప్యూటరు "టుంగ్" మంది. పదిహేను రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి విన్న శుభవార్త అదే.

అసలు కథ ఇక్కడ అయిపోలేదు. కేబులుతో కుదరనప్పుడు చిన్నోడు ఊరికే కూర్చోలేదు. బ్లూటూత్ ద్వారా కలిపాడు. "కనెక్టెడ్ అని వచ్చిందన్నయ్యా, నిజంగా వచ్చింది. స్క్రీన్‌షాటు తీసి నాన్నకి కూడా చూపించాను" అన్నాడు. నాకూ చూపించాడు. కంట్రోలరు పేరు, దాని కింద చక్కగా 'కనెక్టెడ్' అన్న మాట. గేము తెరిస్తే మాత్రం 'ఏదైనా బటను నొక్కండి' అని అడుగుతోంది, వీడు అన్ని బటన్లూ నొక్కుతున్నాడు, అది వినిపించుకోదు. కంప్యూటరు కలిసిందంటుంది, గేము కలవలేదంటుంది. మధ్యలో మా వాడు అబద్ధాలకోరు.

నా గొడవ ఇదీ. ఆ పదిహేను రోజుల్లో ఆ ఇంట్లో సరిగ్గా ప్రవర్తించింది చిన్నోడొక్కడే. చదివాడు, ప్రయత్నించాడు, సాక్ష్యం కూడా దాచిపెట్టాడు. అర్థం లేని మాట చెప్పింది యంత్రం. శిక్ష పడింది వాడికి. ఇది ఒక్క తెనాలి ఇంటి కథ అయితే నేనింత రాసేవాణ్ణి కాదు.

కంట్రోలరు 'కనెక్టవడం' అనేది ఒక సంగతి కాదు. కనీసం అయిదు సంగతులు. ఒకటి, దానికి కరెంటు అందాలి. రెండు, సమాచారం అటూ ఇటూ పారాలి. మూడు, 'ఇది ఫలానా వస్తువు' అని కంప్యూటరు గుర్తుపట్టాలి. నాలుగు, కంట్రోలరు మాట్లాడే భాషా గేముకి తెలిసిన భాషా ఒకటవ్వాలి. అయిదు, గేము దాని మాటే వినాలి, ఇంకొకరిది కాదు. ఈ అయిదింటిలో ఎక్కడ తెగినా ఆడేవాడికి కనిపించేది ఒక్కటే, బొమ్మ కదలకపోవడం. వీటిలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో చాలాసార్లు కంప్యూటరుకి తెలుసు. తెలిసీ చెప్పదు. మూడో మెట్టు ఎక్కగానే 'కనెక్టెడ్' అని బోర్డు తగిలించేసి చేతులు దులుపుకుంటుంది.

చిన్నోడి బ్లూటూత్ కథలో తెగింది నాలుగో మెట్టు. దానికి కొంచెం చరిత్ర చెప్పాలి, ఓపిక పట్టండి.

పాత రోజుల్లో జాయ్‌స్టిక్కుని సౌండు కార్డు వెనకాల పదిహేను పిన్నుల గేమ్‌పోర్టుకి తగిలించేవాళ్ళు. ఏం తగిలించారో కంప్యూటరుకి తెలిసే మార్గమే లేదు. అందుకని విండోస్ మర్యాదగా అడిగేది, 'మీరు పెట్టిందేమిటి, ఎన్ని బటన్లు?' అని. మనం జాబితాలోంచి ఎంచుకుని, పుల్లని నాలుగు మూలలకీ తిప్పి సరిచూసుకోవాలి. విసుగే, కానీ నిజాయితీ ఉన్న విసుగు. తనకి తెలియదని ఒప్పుకునేది. యూఎస్‌బీతోపాటు కీబోర్డులకీ మౌసులకీ కంట్రోలర్లకీ హెచ్ఐడీ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. కంట్రోలరు తనంతట తనే 'నాకు ఇన్ని బటన్లు, ఇన్ని పుల్లలు' అని చెప్పుకుంటుంది. బాగానే ఉంది. కానీ అందులో బటన్లకి నంబర్లే ఉంటాయి. ఒకటో బటను, రెండో బటను. ఒకటో బటనంటే గెంతడమా, కాల్చడమా? ఒక కంపెనీవాడి ఒకటోది కిందుంటుంది, ఇంకోడిది పక్కనుంటుంది. విండోస్‌లో ఈ రకం కంట్రోలర్లని గేములు పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో చదివేవి.

2005లో ఎక్స్‌బాక్స్ 360తోపాటు మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్ తెచ్చింది. ఇందులో ఏ బటను ఏదో ముందే ఖరారు. నాలుగు కంట్రోలర్లకి మించి కుదరవు, కానీ గేము రాసేవాడికి ప్రాణం సుఖం. దాంతో చాలామంది గేములవాళ్ళు ఎక్స్‌ఇన్‌పుట్ ఒక్కటే రాసి ఊరుకున్నారు. పాత భాష మాట్లాడే కంట్రోలరు వస్తే విండోస్ దాన్ని గుర్తుపడుతుంది, 'కనెక్టెడ్' అంటుంది, గేము దానివైపు కన్నెత్తి చూడదు. అందుకే చవక కంట్రోలర్లు చాలావాటిలో రెండు మూడు వేషాలుంటాయి. ఓ వేషంలో ఎక్స్‌బాక్స్ కంట్రోలరులా నటిస్తుంది, ఓ వేషంలో మామూలు హెచ్ఐడీలా, ఇంకో వేషంలో ఆండ్రాయిడ్ ఫోను కోసం. ఏ వేషంలో ఉందో చెప్పేది ఓ చిన్న లైటు రంగు. వేషం మార్చాలంటే ఫలానా బటన్లు కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఈ రహస్యం పెట్టెలో మడతపెట్టిన కాగితంమీద ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది. మా వాడి కంట్రోలరు ఆండ్రాయిడ్ వేషంలో ఉంది. కాగితం చూసి, బటన్లు నొక్కి పట్టుకుని వేషం మార్చాం. గేములో ఆటగాడు పరుగందుకున్నాడు. చిన్నోడు అరవలేదు, గెంతలేదు. "చూశావా నాన్నా" అన్నాడంతే.

ఇది చవక సరుకు తంటా అని తీసిపారెయ్యకండి. ఖరీదైనవాటి కథా ఇంతే. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన కంట్రోలరులో బ్లూటూత్ లేదు. దానికి సొంత రేడియో పద్ధతి ఉంది, వైరు లేకుండా కంప్యూటరుకి కలపాలంటే వేరే అడాప్టరు కొనాలి. 2016లో వన్ ఎస్‌తో వచ్చినదాంట్లో బ్లూటూత్ ఉంది. రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే నడిమి గుండ్రటి బటను చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు చూడాలి. అది పైనున్న నిగనిగలాడే ముక్కలో భాగమైతే బ్లూటూత్ లేదు, ముఖంలో కలిసిపోయి ఉంటే ఉంది. సెకండ్‌హ్యాండులో కొన్నవాడు బ్లూటూత్ జాబితాలో గంటసేపు వెతుకుతాడు, ఎప్పటికీ రాదు. కంప్యూటరేమో 'వెతుకుతున్నాను' అని గుండ్రాలు తిప్పుతూనే ఉంటుంది. సోనీ డ్యూయల్‌షాక్ 4 అయితే షేరు బటనూ పీఎస్ బటనూ కలిపి పట్టుకోవాలి, దీపం రెండేసిసార్లు మిణుకుమనేదాకా. ఒట్టి పీఎస్ బటను నొక్కితే అది తనకి గుర్తున్న పాత ప్లేస్టేషన్ని వెతుక్కుంటుంది, మన కంప్యూటరుని కాదు. ఈ ముక్క కంట్రోలరుమీద ఎక్కడా రాసి ఉండదు.

అయిదో మెట్టు ఇంకా తమాషా. 2016 చివర్లో స్టీమ్ డ్యూయల్‌షాక్ 4కి సాయం చెయ్యడం మొదలుపెట్టింది. చాలా మంచి పని. అది అసలు కంట్రోలరు చెప్పేది విని, దాని బదులు ఓ కల్పిత ఎక్స్‌బాక్స్ కంట్రోలరుని గేము ముందు నిలబెడుతుంది. కానీ గేముకి అసలుదీ వినిపించి, కల్పితమూ వినిపించిందనుకోండి, ఒక్క పిలుపుకి ఇద్దరు పలికినట్టవుతుంది. ఒకసారి నొక్కితే మెనూలో రెండు గడులు దూకుతుంది. అప్పుడు ఆడేవాడు ఏమనుకుంటాడు? బటను పాడైందనుకుంటాడు. దుకాణానికి పరిగెడతాడు. మళ్ళీ ఎవడో ఏడున్నర వేలంటాడు.

ఉన్నట్టుండి తెగిపోయే రకం మరొకటి. 2012లో ఇంటెల్ వాళ్ళే ఓ పత్రం రాశారు. యూఎస్‌బీ 3.0 పరికరాలూ కేబుళ్ళూ పుట్టించే రొద 2.4 గిగాహెర్ట్జ్ రేడియోని చెడగొడుతుందని. బ్లూటూత్ నడిచేది ఆ పౌనఃపున్యం మీదే. కంట్రోలరు వైర్‌లెస్ రిసీవరు పక్కనే నీలం రంగు పోర్టులో హార్డుడిస్కు పెట్టుకుంటే ఆట మధ్యలో తెగిపోవచ్చు. రిసీవరుని చిన్న ఎక్స్‌టెన్షను కేబులుతో కాస్త దూరం జరిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఇంకోటి, కరెంటు పొదుపు పేరుతో విండోస్ తనే యూఎస్‌బీ పోర్టుని నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజరులో పవర్ మేనేజ్‌మెంట్ అన్నచోట ఆ టిక్కు తీసేస్తే సరి. నిద్రపుచ్చింది తనే అయినా 'నేనే ఆపాను' అని ఒక్క ముక్క చెప్పదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా కంట్రోలరుమీదకి పోతుంది.

మా ఆఫీసులో ఈ మాటంటే ఓ సహోద్యోగి నవ్వాడు. "బాసూ, మామూలు జనానికి ఇవన్నీ ఎందుకు? ఎక్స్‌ఇన్‌పుట్, డైరెక్ట్‌ఇన్‌పుట్ అంటే మీ పిన్నికి అర్థమవుతుందా? సింపుల్‌గా ఉండాలి. కనెక్టెడ్, నాట్ కనెక్టెడ్. అంతే" అన్నాడు.

ఈ వాదన వింటే నాకు మా తాతయ్య గుర్తొస్తాడు. ఆయన చదివింది అయిదో తరగతి. పొలంలో మోటారు తిరక్కపోతే పాకలో బల్బు చూసేవాడు. బల్బు వెలుగుతోంది, మోటారు తిరగట్లేదు. "సింగిల్ ఫేజే వస్తోందిరా, త్రీఫేజు ఇంకా ఇవ్వలేదు" అనేవాడు. మోటారు కాలిపోయిందని ఎవడైనా అంటే వాడి మొహం చూసి నవ్వేవాడు. మన పల్లెల్లో ఏ రైతునడిగినా ఈ మాట చెబుతాడు. ఫేజంటే ఏంటో, సైను తరంగమంటే ఏంటో ఆయనకి ఎవరూ పాఠం చెప్పలేదు. కానీ దానికో పేరుంది, ఆ పేరు నలుగురి నోట్లో నలిగింది, కాబట్టి మోటారు మెకానిక్కు ఆయన్ని మోసం చెయ్యలేడు. 'కరెంటుంది' అన్న ఒక్క మాటతో ఆయన సరిపెట్టుకోలేదు. ఏ కరెంటు అని అడిగాడు.

మా చిన్నోడి కంట్రోలరులో జరిగింది కూడా అచ్చంగా అదే. బల్బు వెలిగింది, మోటారు తిరగలేదు. తేడా ఏమిటంటే తాతయ్యకి ఆ రెంటికీ పేర్లున్నాయి. మనవడికి మనం ఒక్కటే పేరిచ్చాం, 'కనెక్టెడ్'. అరవయ్యేళ్ళ రైతుకి అర్థమైన తేడా కంప్యూటరు వాడే జనానికి అర్థం కాదని మనమెలా తేల్చేశాం? అర్థం కాకపోవడం కాదు, మనం చెప్పలేదు. చెప్పకుండా ఉంచి, పైగా 'యూజరు ఎర్రరు' అని నవ్వుకుంటాం.

ఎక్స్‌ఇన్‌పుట్ అన్న మాట తెరమీద పెట్టమని నేనడగట్లేదు. 'కంట్రోలరు కలిసింది. కానీ ఈ గేముకి కావలసిన మోడులో లేదు. మోడు మార్చి చూడండి.' మూడు చిన్న వాక్యాలు. మా పిన్నికి బ్రహ్మాండంగా అర్థమవుతాయి. అసలు, డైరెక్ట్‌ఇన్‌పుట్ వరసలో ఒకటుంది, ఎక్స్‌ఇన్‌పుట్ వరస ఖాళీగా ఉంది అని గేము రాసేవాడు కనుక్కోవడం గొప్ప పరిశోధనేమీ కాదు. కొద్ది గంటల పని. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. బస్టాండు కేబులు విషయంలో కంప్యూటరు తప్పు లేదు. తీగే లేనప్పుడు దానికి ఏమీ తెలియదు. కానీ కంట్రోలరుకి తెలుసు, కరెంటొస్తోంది గానీ అవతల ఎవరూ పలకట్లేదని. ఆ ఒక్క సందర్భానికి లైటు వేరే రంగులో వెలిగించొచ్చుగా? కేబులుమీద 'చార్జింగుకి మాత్రమే' అని అచ్చువెయ్యడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

'రీస్టార్టు చెయ్యండి, డ్రైవరు మళ్ళీ ఎక్కించండి, కుదరకపోతే విండోస్ ఫార్మాటు కొట్టండి' అనే సలహాదారులు మరో రకం. జ్వరమొస్తే దేనికని చూడకుండా అందరికీ ఒకే సూది పొడిచే డాక్టరుకీ వీళ్ళకీ తేడా లేదు. ఒక్కోసారి తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలియదు. ఫార్మాటు కొడితే కంట్రోలరు బాగుపడుతుందో లేదో గానీ ఇంట్లో పిల్ల పెళ్ళి ఫొటోలు మాత్రం గ్యారంటీగా పోతాయి.

మరి బాగుచేస్తున్నదెవరు? చాలావరకు జీతం లేని జనం. ఎస్‌డీఎల్ అనే ఉచిత లైబ్రరీ చుట్టూ చేరిన వాళ్ళు ఒక్కో కంట్రోలరుకీ 'దీని ఒకటో బటనంటే ఇది' అని పట్టిక రాసి అందరికీ పంచుతున్నారు. ఆ పట్టికని ఎన్నో గేములు వాడుకుంటున్నాయి. లినక్సులోనూ చాలా ఏళ్ళు ఔత్సాహికులే రాసుకున్నారు. 2021లో వచ్చిన 5.12 కెర్నెల్లో సోనీ తనే ప్లేస్టేషను కంట్రోలర్ల డ్రైవరు చేర్చింది. కంపెనీ తలుచుకుంటే ఎంత సుళువో చూశారుగా. చెయ్యగలిగీ చెయ్యకపోవడమే నన్ను మండిస్తుంది.

ఇంతసేపూ అందర్నీ తిట్టాను. ఇప్పుడు నా వంతు.

నేను పనిచేసే చోట వైర్‌లెస్ పరికరాలకి మొబైల్ యాప్ రాస్తాం. కంట్రోలర్లు కావు, ఇంకేవో అనుకోండి. రెండేళ్ళ క్రితం కనెక్షను తెర రాసింది నేనే. మొదట మూడు స్థితులు పెట్టాను. కలవలేదు, కలిసింది, 'జత కుదిరింది గానీ సమాచారం రావడం లేదు'. రివ్యూలో ఆ మూడోది తీసెయ్యమన్నారు. "అది చూస్తే కస్టమరు కంగారుపడి ఫోను చేస్తాడు, సపోర్టు కాల్సు పెరుగుతాయి" అన్నారు. నేను వాదించలేదు. ఓ వాక్యం కోసం గొడవెందుకులే, అప్రైజలు దగ్గర్లో ఉంది అనుకున్నాను. తీసేశాను. అప్పట్నుంచీ సమాచారం రాకపోయినా నా తెరమీద ఆకుపచ్చ అక్షరాల్లో 'కనెక్టెడ్' అనే వస్తోంది. ఎక్కడో ఎవరింట్లోనో ఎవడో దాన్ని నమ్మి, పనిచెయ్యక, తిట్లు తిని ఉంటాడు. ఫోన్లు తగ్గాయని మేం సంతోషించాం. ఫోను తగ్గిందంటే బాధ తగ్గినట్టా? బాధ మా దగ్గరకి రావడం తగ్గింది, అంతే. అది ఆ ఇంట్లో నోరులేనివాడి నెత్తిన పడింది.

మనకి కంప్యూటరు తెలుసన్న గీర ఉంది. తెలియనివాణ్ణి చూస్తే లోకువ. కానీ వాడికి తెలియకుండా చేసిన గోడలో ఇటుకలు పెట్టింది మనమే. చిన్నప్పుడు రేడియో విప్పినందుకు వీపు చిట్లిన ఇంజినీర్లు మనలో చాలామంది ఉన్నారు. విప్పితే కనీసం లోపల ఏదో కనబడేది. ఇప్పటి పిల్లవాడికి విప్పడానికేమీ లేదు. ఓ మాట కనబడుతుంది, అది నిజం కాదు. పదిహేను రోజుల్లో వాడు నేర్చుకున్న పాఠం యూఎస్‌బీ గురించి కాదు. 'నాకివి అచ్చిరావు' అన్న పాఠం. దాన్ని చెరపడం కేబులు మార్చినంత తేలిక కాదు. గేము ఆడుతోంది, బాబాయి కూడా రెండు గోల్సు వేశాడు, అయినా చిన్నోడు ఇప్పటికీ కంప్యూటరు ఆన్ చేసేముందు "చెయ్యనా?" అని అడుగుతున్నాట్ట. మొన్న పిన్ని ఫోన్లో మురిసిపోతూ చెప్పింది, బుద్ధొచ్చిందని. నాకు మాత్రం గుండె కలుక్కుమంది.

మీ ఇంట్లోనూ కంట్రోలరు మొరాయిస్తే, ఎవర్నీ తిట్టకముందు ఈ వరస చూడండి. ఆ కన్నంలో మౌసు పెట్టి చూడండి, పనిచేస్తే పోర్టు బాగానే ఉంది. ఫోన్లోంచి ఫొటోలు కంప్యూటరులోకి ఎక్కించగలిగిన కేబులు వాడండి, అయితే సమాచారం తీగలు ఉన్నట్టే. విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కి, వచ్చిన గడిలో 'జాయ్ డాట్ సీపీఎల్' అని ఇంగ్లీషులో కొట్టండి. పాతకాలపు చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో కంట్రోలరు పేరుమీద నొక్కి ప్రాపర్టీసులోకి వెళ్తే, మీరు నొక్కిన బటను అక్కడ వెలుగుతుంది. అక్కడ వెలిగి గేములో కదలకపోతే కంట్రోలరూ బాగానే ఉంది, కంప్యూటరూ బాగానే ఉంది, భాష కుదరలేదంతే. మోడు మార్చండి, లేదా స్టీముని మధ్యవర్తిగా పెట్టండి. రెండేసి దూకుతుంటే ఆ మధ్యవర్తిని తీసేయండి. మదర్‌బోర్డు జోలికి వెళ్ళాల్సిన పని ఇందులో ఎక్కడా లేదు.

ఇన్నేళ్ళుగా మెరుగుపడుతూ వస్తున్న విండోస్‌లో నిజం చెప్పేది ఇప్పటికీ ఆ పాత చిన్న కిటికీయే కావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. అది ఎవరికీ కనబడని మూల ఉంది. అబద్ధం చెప్పేది మాత్రం ఎదురుగా ఆకుపచ్చగా ఉంది.

సోమవారం మా రివ్యూ ఉంది. ఆ మూడో వాక్యాన్ని మళ్ళీ పెట్టాను. ఎందుకని అడిగితే ఫేజు కథ చెబుతాను. తీసెయ్యమంటే ఈసారి ఊరుకోను. సాఫ్ట్‌వేరు రాసే మిత్రులారా, మీ తెరమీద కూడా అలాంటి వాక్యమొకటి తెగిపడి ఉంటుంది, వెతికి చూడండి. అది తీసెయ్యడంవల్ల మీకు మిగిలిన ఫోను కాలు ఇంకెవరింట్లోనో చెంపదెబ్బై ఉండొచ్చు.